సూరన్నయ్య పెట్టిన పాకం ముద్ద

మొన్న షేర్ ఆటోలో రావికమతం నుంచి చోడవరం వస్తుంటే, దారిలో ఎవరో ఇంకా బెల్లం వండుతున్నట్టున్నారు, కాగుతున్న చెరకు రసం వాసన గుప్పుమంది. ఆటోలో అందరూ "అబ్బ" అని ముక్కులు బయటికి పెట్టేరు. నేను తువ్వాలు ముక్కుకి కట్టుకున్నాను. "ఏటి బాబూ, సుగరా?" అన్నాడు పక్కనున్న ముసలాయన. "కాదు తాతా, బయం," అన్నాను. జోకనుకుని నవ్వేడు. ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టేసినోణ్ణి, నా మాట ఎవరైనా అలాగే తీసుకుంటారు.

మా చిన్నప్పుడు చలికాలమంతా కళ్లంలోనే గడిచేది. మంచు విడవకముందే గానుగ మొదలయ్యేది, ఎండిన చెరకు పిప్పి పొయ్యిలో చిటపటలాడేది, మంచం కంటే పెద్ద పెనంలో రసం పచ్చగా పొంగి, ఎర్రబడి, చివరికి బుడగలు బుడగలుగా కుతకుతలాడేది. పిల్లలం గడలు నములుతూ, జిగట మూతుల మీద ఈగల్ని తోలుకుంటూ కాసుక్కూచునేవాళ్లం. పాకం ముదిరిందో లేదో చూడ్డానికి నాన్న కాస్త గరిటెతో తీసి చన్నీళ్ల చట్టిలో వేసేవాడు. ముద్ద కడితే పెనం దించొచ్చు. చల్లారిన ఆ ముద్ద పిల్లలది. నీళ్లలో పడని పాకం ఎవరి చేతికీ రాకూడదు.

సూరన్నయ్య మా పెదనాన్న కొడుకు, అప్పటికి పద్నాలుగేళ్లు. తల్లి పోయిననాడు ఏడవలేదు, అన్నం పెట్టించుకుని తిన్నాడు. పెదనాన్న చెరకు గడ విరిగేదాకా బాదినా కిక్కురుమనేవాడు కాదు. "మా గుంటడు గట్టోడు," అని నాన్నమ్మ వీధంతా చెప్పుకుని మురిసిపోయేది. ఏడ్చినోళ్లకి తిట్లు, ఏడవనోడికి వెన్నముద్ద, అదీ మా ఇంటి పెంపకం. నేను కోతిలా గెంతి ఊరందర్నీ నవ్వించేవాణ్ణి గానీ, అతని మొహంలో ఒక్క గీత కదిలేది కాదు. కుక్కపిల్ల కాలు తొక్కి, అది అరుస్తుంటే, వాచీ బాగుచేసేవాడిలా వంగి చూసేవాడు.

ఒక పొద్దున నాన్న పిప్పి తేవడానికి పక్కకెళ్లేడు. సూరన్నయ్య గరిటె ముంచి, ఐదేళ్ల మా చెల్లితో, "ఒసే, ముద్ద కావాలా? సెయ్యి పట్టు," అన్నాడు. అది నవ్వుతూ పట్టింది. పాకం నీళ్లలో పడలేదు.

దాని కేకకి నాన్న పరిగెత్తుకొచ్చి ఆ చేతిని చట్టిలో ముంచేడు. సూరన్నయ్య పారిపోలేదు.

"ఎందుకు పోసేవురా?"

"ఎంత అరుస్తాదో సూద్దామని."

ఆ గొంతులో కోపం లేదు, సరదా కూడా లేదు. అప్పట్నుంచి చెల్లి ఎటెళితే అటు నేనూ తోకలా వెళ్లేవాణ్ణి.

టీవీలో ఒక డాక్టరమ్మ చెప్పింది: కొందరికి పుట్టుకతోనే కొంత ఉంటాదంట, దానికి దెబ్బలు తోడై, ఏడిస్తే దగ్గరికి తీసుకునే చెయ్యి లేకపోతే, ఎదుటోళ్ల నొప్పి మనసుకి తగలడం మానేస్తాదంట. మేము దానికి ధైర్యమని పేరెట్టి దిష్టి తీసేం.

ఇప్పుడు గానుగ లేదు, పొయ్యి లేదు, కళ్లంలో ప్లాట్ల రాళ్లు పాతేరు. మురిసిపోయే నాన్నమ్మా లేదు. పోయిన నెల సూరన్నయ్య తన కూతురి పెళ్లికి పిలవడానికి చెల్లి ఇంటికొచ్చేడు; నేనూ అక్కడే ఉన్నాను. చెల్లి టీ గ్లాసు అందించింది. ముడుచుకుపోయిన ఆ అరచేతిని చూసి, మామూలుగా, "సేతికేటయిందే?" అన్నాడు.

చెల్లి ఆ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"సిన్నప్పుడు కాలింది అన్నయ్యా," అంది. తర్వాత గుమ్మంలో ఆడుకుంటున్న తన చిన్న కూతురి వైపు తిరిగి, మెల్లిగా, "నువ్వు లోపలికెళ్లి తలుపేసుకోవే," అంది.