బోదె మీద కప్పిన కొబ్బరి తలలు

రీసర్వే మా కొత్తపేట వైపు ఊళ్లకు వచ్చిన ఏడాది, వైశాఖ మాసంలో నన్ను సర్వేయరు గారి వెంట వేశారు. నా ఉద్యోగానికి అప్పటికి రెండేళ్లే మిగిలింది. కాగితం మీద నేను గ్రామ రెవెన్యూ సహాయకుణ్ణి. ఊరికి మాత్రం గ్రామ సేవకుడు అప్పారావునే. చదివింది ఐదో తరగతి. ముప్పై ఏళ్లు సర్వే గొలుసు పట్టినవాణ్ణి కనుక ఏ గట్టు ఎక్కడ వంగుతుందో కళ్లు మూసుకుని చెప్పగలనని గర్వం ఉండేది.

సర్వేయరు లావణ్య గారు మా పెద్దమ్మాయి వయసు మనిషి. టిఫిను తిన్నారా అని అడగకుండా నాకు పని చెప్పేవారు కాదు. డ్రోను తీసిన ఫొటోలను కంప్యూటరులో పరిచి, వాటి మీద పాత గ్రామ పటం గీతలు వేసేవారు. నేల ఎత్తుపల్లాల లెక్కలు ప్రభుత్వం అందరికీ తెరిచే ఉంచిందట. వాటినీ తెచ్చి కలిపితే పల్లం ఒక రంగులో, మెరక ఒక రంగులో కనిపించేది.

ఊరి తూర్పు చేలల్లో మురుగు దిగడానికి దారి చూడమని పంచాయతీ అడిగింది. పాత పటంలో అక్కడొక బోదె ఉంది. చేల నీటిని పెద్ద కాలువకు చేర్చే చిన్న కాలువ. ఫొటోలో మాత్రం ఆ చోటంతా కొబ్బరితోటే. బోదె పూడ్చి తోట వేసేసినట్టున్నారు కదా అని లావణ్య గారు అడిగారు. నేను ఆ తోటలోకి వెళ్లి పదేళ్లు దాటింది. ఫొటోలో ఒక్కో చెట్టు తల విడిగా లెక్కపెట్టవచ్చు. అంత పటం ముందు నా జ్ఞాపకం ఏపాటిది అనుకున్నాను. పైగా మా వైపు అధికారి మాటకు అడ్డు చెప్పడం మర్యాద కాదు. అలాగే ఉందండీ అని తలూపాను. కొత్త బోదె గీత సత్యవతి మడి మధ్యగా పడింది.

సత్యవతి మా వీధి మనిషి. భర్త దోహాలో డ్రైవరు. ఉన్న అరెకరం వరిచేను తనే సాగు చేసుకుంటుంది. చిత్తుపటం గ్రామ సచివాలయం గోడకు అంటించి, అభ్యంతరాలకు వారం గడువు పెట్టారు. మర్నాడే మా వాకిట్లోకి వచ్చింది. మా ఆవిడ ఇచ్చిన మజ్జిగ కూడా ముట్టలేదు.

"మడి రెండు ముక్కలైపోతే ట్రాక్టరు తిరగడానికైనా చోటుండదండీ. నాకున్నది అదొక్కటే. పాత బోదె తోటలోనే ఉంది కదండీ. మేం బడికెళ్లేటప్పుడు మీరే చెయ్యి పట్టుకుని దాటించేవోరు. ఇప్పుడు లేదని చెప్పింది కూడా మీరేనంట కదండీ, బాబాయ్ గారూ."

చెప్పులేసుకుని ఆమె వెంట తోటకు వెళ్లాను. బోదె ఉంది. మోకాలి లోతు నీళ్లు, వాటిలో పీచు కోసం ఊరబెట్టిన కొబ్బరి డొక్కలు. రెండు గట్ల మీది చెట్లూ వెలుతురు కోసం నీటి వైపు వాలి, పైన తలలు కలిపేసుకున్నాయి. డ్రోనుకు ఆ కప్పే కనబడింది.

నేరుగా లావణ్య గారి దగ్గరకు వెళ్లి, చూడకుండా చెప్పానండీ అని ఒప్పుకున్నాను. కోప్పడతారనుకుంటే, ఆవిడ రోవరు భుజానేసుకుని బయల్దేరారు. రోవరంటే ఉపగ్రహాల సంకేతం అందుకుని, మనం నిలబడ్డ చోటు చెప్పే కర్ర. ఆ నీడలో దానికి సంకేతం అందలేదు. దాంతో తోట బయట, బోదె రెండు కొసలా రోవరుతో గుర్తులు తీసుకున్నారు. మధ్య దూరానికి మా అటక మీది ఇనుప గొలుసు దింపాను. ఒక కొస సత్యవతి పట్టింది, ఒక కొస నేను.

"మీ గొలుసుకి ఛార్జింగ్ అక్కర్లేదు కదా బాబాయ్ గారూ" అన్నారు లావణ్య గారు.

"దానికెందుకండీ, మోసేవాడికి కావాలి గానీ" అంది సత్యవతి. ఆమె నవ్వడం ఆ రెండు రోజుల్లో అదే మొదలు.

వంపు తిరిగిన ప్రతిచోటా కొలిచాం. సాయంత్రం ఆ కొలతలు కంప్యూటరులో వేస్తే, ఎత్తుపల్లాల పటంలో అన్నిటికన్నా పల్లమైన చార సరిగ్గా మేం కొలిచిన గీత కిందే ఉంది. మొదటి రోజునుంచీ ఉంది. తోటను చూస్తూ దాన్ని చూడలేదు మేం. కొత్తది తవ్వొద్దు, పాత బోదెకే పూడిక తీయాలని ప్రతిపాదన మార్చి పంపారు. వానలకు ముందే పూడిక తీశారు. సత్యవతి మడి ఒక్క చెక్కగానే ఉండిపోయింది.

నా తప్పు ఏ ఫైలులోనూ లేదు కనుక ఇక్కడ రాస్తున్నాను. పైనుంచి తీసిన పటం చెట్టు తల ఎక్కడుందో చెబుతుంది, మొదలు ఎక్కడుందో చెప్పదు. తోట ఉన్న నేలకు పటంతో పాటు నడిచి తీసిన కొలత కూడా ఉండాలి. ఆ రెండూ కలిసేదాకా ఎవరి మడి మీదా గీత గీయకూడదు.