మామ్మ ఆర్పిన కర్పూరం

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఒక మనిషి చేత ఒట్టు పెట్టించాలంటే రామకోవెలకే తీసుకెళ్ళేవారు. పళ్ళెంలో కర్పూరం వెలిగిస్తే, మాట చెప్పి అరచేత్తో ఆ మంట ఆర్పాలి. అలా ఆర్పి చెప్పిన మాట తప్పితే వంశం నిలవదని అందరి నమ్మకం. ఇప్పటి పిల్లలు నవ్వుతారు, నవ్వనీండి. ఆ పళ్ళెం ముందు నిలబడ్డదాన్ని నేను, నాకు నవ్వు రాదు.

పి.గన్నవరం దగ్గర కాలువ గట్టున ఉండేది మా ఇల్లు. తాతయ్య పోయాక మా మామ్మ, అంటే నాన్నను కన్నతల్లి, ఒక కొబ్బరితోట కౌలుకు చేసి ఇంటిని నిలబెట్టింది. తోట కోవెల ధర్మకర్తగారిది. ఊళ్ళో సగం తోటలు ఆయనవే, సర్పంచి పదవి కూడా ఆ ఇంట్లోనే తిరిగేది. మామ్మ అంటే ఆయనకూ గౌరవమే. శనివారం భజనకు ముందు కోవెల ఊడ్చి ముగ్గు పెట్టేది ఆవిడే. ఆవిడ నోట అబద్ధం విన్నామని పగవాళ్ళు కూడా అనరు.

ఆ ఏడు పంచాయతీ ఎన్నికల్లో ధర్మకర్తగారి మేనల్లుడికి మొదటిసారి పోటీ వచ్చింది. బడిపంతులుగారి తమ్ముడు నిలబడ్డాడు. ఓటు పెట్టెలో పడ్డాక ఎవరిది ఎటు పోయిందో తెలియదు కదా, దాంతో ధర్మకర్తగారికి గుబులు పట్టుకుంది. ఒక శనివారం పొద్దున భజన అవగానే ఎవరినీ కదలనివ్వకుండా కర్పూరం పళ్ళెం తెప్పించారు. మేనల్లుడికే ఓటు వేస్తామని ఒక్కొక్కరూ ఆర్పి వెళ్ళాలట. ముందుగా మామ్మను పిలిచారు. ఆవిడే ఆర్పితే ఇంకెవరూ కాదనరని ఆయన ఎత్తు.

"రండి మామ్మగారూ, మీ చెయ్యి ముందు పడితే మంచిదండి. తోటకేం భయం లేదండి, అది మీ దగ్గరే ఉంటాది" అన్నారు.

తోట మాట ఎందుకు ఎత్తారో నాక్కూడా అర్థమైంది. ఆర్పనంటే తోట పోతుంది. ఆర్పితే ఓటు పోతుంది, ఎందుకంటే దేవుడి ముందు ఒకటి చెప్పి పెట్టె దగ్గర ఇంకొకటి చేసే మనిషి కాదు మా మామ్మ. భక్తి లేనివాళ్ళయితే ఆర్పేసి, తమకు నచ్చినవాళ్ళకు వేసుకుని ఊరుకుంటారు. భక్తి ఉన్నవాళ్ళనే ఆయన కట్టిపడెయ్యాలనుకున్నారు. ఇన్నేళ్ళయినా తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

మామ్మ తడబడలేదు. కొంగు నడుముకు దోపుకుని, రాముడికి దణ్ణం పెట్టుకుని, వీధిలోకి వినపడేలా చెప్పింది.

"సామీ, నా మనసుకి మంచోడనిపించినోడికే నా ఓటు ఏస్తాను. ఎవరికేసేనో నీకు తప్ప ఇంకెవరికీ చెప్పను. మా ఆయన లేచొచ్చి అడిగినా చెప్పను." అంటూనే చప్పున కర్పూరం ఆర్పేసింది.

ధర్మకర్తగారి మొహం మాడిపోయింది. "అదేంటండి మామ్మగారూ, నే చెప్పమన్నది అది కాదు కదండీ!"

"ఆయ్. తవరు ఆర్పమన్నారు, ఆర్పేనండి. మాట మటుకు నాకూ ఆ సామికీ మధ్యనండి. తెల్లోళ్ళు మీటింగులు పెట్టుకోనివ్వకపోతే మా మావగారోళ్ళు భజన పేరు చెప్పి ఈ కోవెల్లోనే కూడేరు బాబుగారూ. స్వరాజ్యం కోసం ఇక్కడే కర్పూరం ఆర్పేరు. ఆ స్వరాజ్యంలో నా చేతికొచ్చింది ఈ ఒక్క ఓటేనండి."

పళ్ళెం తీసెయ్యమని ఆయన సైగ చేశారు గానీ, అప్పటికే పక్కింటి అక్క ఇంకో బిళ్ళ వెలిగించేసింది. మామ్మ చెప్పిన మాటే చెప్పి ఆర్పింది. తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత మగవాళ్ళు. దేవుడి ముందు చేస్తున్న ప్రమాణాన్ని ధర్మకర్త ఎలా ఆపుతారు? పైగా కర్పూరం ఆయన తెప్పించిందే! నేనూ దూరి వెళ్ళి ఆ మాటలే చెప్పి ఆర్పేశాను. చెయ్యి చురుక్కుమంది. ఎవరో పకపకా నవ్వారు. మామ్మ నవ్వలేదు. "ఆర్పనీండి, దానికీ ఓటొస్తాది" అంది.

మేనల్లుడు ఓడిపోయాడు. ఆ ఏటి కొబ్బరి కాపు అవగానే మా తోట లాగేసుకున్నారు. మామ్మ కొబ్బరి పీచుతో తాళ్ళు పేనడానికి వెళ్ళేది. అరచేతులు కాయలు కాచిపోయాయి. కొన్నాళ్ళకు ధర్మకర్తగారు మెత్తబడి కబురు పెట్టారు. మేనల్లుడికే వేశానని ఒక్క మాట చెబితే తోట తిరిగి ఇస్తారట.

మా నాన్న బతిమాలాడు. "వేసుంటే చెప్పమ్మా, అబద్ధమాడమన్నానా?"

"నిజమైనా చెప్పకూడదురా. ఒట్టు" అంది మామ్మ. తోట రాలేదు. ఆవిడ ఆ మేనల్లుడికే వేసిందో, రెండోవాడికి వేసిందో మాకు ఈనాటికీ తెలియదు. అడగడం కూడా మానేశాం.

ఓటు వచ్చిన నాటినుంచీ నేను ఎవరికి వేశానో మా ఆయనకూ చెప్పలేదు. ఆయన అలిగితే అలిగారు. మామ్మ నా చేతిలో పెట్టి వెళ్ళిన ఆస్తి ఇదొక్కటే, దీన్ని ఎవరికీ కౌలుకు కూడా ఇవ్వను. మొన్నటి ఎన్నికలకు ఎవరో కుర్రాళ్ళు దేవుడి పటం పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. తమ నాయకుడికే వేస్తానని దానిమీద చెయ్యేసి ఒట్టు పెట్టాలట. పటానికి దణ్ణం పెట్టుకున్నాను.

"నా ఒట్టు చిన్నప్పుడే అయిపోయింది బాబూ" అని చెప్పి తలుపు వేసుకున్నాను.