మామ ఊదని బుగ్గ

మా హైదరాబాద్ గల్లీలో దాన్ని ఫుగ్గా అనేవాళ్ళం. మేనమామ ఇంట్లో బుగ్గ. పెనుబల్లి వైపు నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చిన అత్త నోట బూర. బడి పుస్తకంలో బుడగ. అందరూ అనే బెలూన్ అన్న మాట ఎక్కడిదా అని ఈమధ్య ఫోన్‌లో వెతికాను. ఇటలీ వాళ్ళ భాషలో పెద్ద బంతి అట. రబ్బరు రాకముందు జంతువుల ఉచ్చబుడ్డలు ఊది ఆడుకునేవాళ్ళట. ఎప్పుడూ చేతిలోనే ఉండే ఫోన్‌ని అక్కడితో పక్కన పడేశాను. కారేపల్లి దగ్గర మామ ఇంటి వాకిలి గుర్తొచ్చింది.

తొంభైల్లో సంగతి. నేను డిగ్రీ చదువుతున్నాను. మామ బొగ్గుబాయిలో పనిచేసేవాడు. అప్పటికే దగ్గు పట్టుకుంది. ఖమ్మం దవాఖానాలో డాక్టరు మందులు రాసి, ఊపిరితిత్తులకు కసరత్తుగా పొద్దునా సాయంత్రం బుగ్గలు ఊదమన్నాడు. సెలవులకు వస్తూ నేనే ఒక ప్యాకెట్ తెచ్చాను.

మామ దాన్ని విప్పనే లేదు. "ఆడ పెట్టు బిడ్డా, తర్వాత ఊదుత" అనేవాడు. చూసి చూసి ఒకరోజు నాకు మండింది.

"డాక్టరేం చెప్పిండు, నువ్వేం చేస్తున్నవ్ మామా? చిన్నపిల్లగానివా?"

మామ నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగాక అన్నాడు: "గీ కోపం పట్నంల కొన్నవా, మీ అమ్మ ఇచ్చిందా? నెల తిరిగితే కంపెనీ డాక్టర్లు చూస్తరు. దమ్ము లేదని రాస్తే నా నౌకరి మీ బావకొస్తది. ఉందని రాస్తే నేనే దిగాలె. నేను దిగుడు బందయ్యేసరికి వానికి నౌకరి వయసు దాటిపోతది."

బావ అంటే మామ కొడుకు. పెళ్ళయి ఒక ఆడపిల్ల. ఏన్కూరులో బస్తాలు మోసే పని, అదీ దొరికిన రోజు. అరుగు మీద కూతుర్ని ఒళ్ళో పెట్టుకుని అన్నీ వింటున్నాడు.

"అయితే ఊదకుండ చచ్చిపోతవా?" అన్నాను.

"ఎవడు చస్తుండు? ఉత్తగనే రానట్టు చేస్త. మనసు పెడితే గీ ప్యాకెట్ మొత్తం ఒక్క దమ్ముల లేపుత."

అత్త వచ్చి ప్యాకెట్ తీసి దేవుడి పటం వెనక పెట్టింది. "వదిలెయ్యమ్మా. ఊదమని నేననలేను. ఊదొద్దనీ అనలేను."

ఆ తర్వాత ముత్యాలమ్మ పండుగ వచ్చింది. ఆ వాడలో యాటను, అంటే మేకనో గొర్రెనో, కోశాక దాని ఉచ్చబుడ్డను బూడిదలో రుద్ది, సాగేదాకా కాలి కింద తొక్కి, బొప్పాయి ఆకు కాడతో ఊదుతారు. లోపల చింతగింజలు వేసి కడితే గలగలమంటుంది. అది పిల్లలకు. కానీ ఊదేది మాత్రం ఇంటి పెద్దే. ఇంకొకరు ఊదితే ఆ ఇంటికి మంచిది కాదంటారు.

మనవరాలు బుడ్డను తెచ్చి మామ చేతిలో పెట్టింది. "తాతా, నాది పెద్దగుండాలె."

"వాకిలంత చేస్త చూడు" అని మామ కాడ నోట్లో పెట్టుకున్నాడు.

నిమ్మకాయంత ఉబ్బి ముడుచుకుపోయింది. మళ్ళీ ఊదాడు. మళ్ళీ అంతే.

పక్కింటాయన, మామతోపాటు బాయి దిగేవాడే, పకపకా నవ్వాడు. "ఏందన్నా, డాక్టర్లు చూడకముందే యాక్షన్ మొదలువెట్టినవ్? ఈడెవలున్నరు చూస్తందుకు?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మామ నవ్వలేదు. కాడ సరిచేసుకుని, రెండు చేతులతో పట్టుకుని ఊదాడు. మెడ నరాలు తాళ్ళలా లేచాయి. పెదాలు నీలంగా అయ్యాయి. బుడ్డ నిమ్మకాయ దాటలేదు. కాడ జారిపోయింది. మామ నేల మీద కూలబడి, దగ్గు కూడా రాక నోరు తెరిచి నా వైపు చూశాడు. ఆయన భయపడటం నేను చూసింది అప్పుడే.

బావ లేచి కింద పడ్డ కాడ తీసుకుని, పంచెకు తుడిచి, ఒక్క దమ్ములో ఊదేశాడు. దారం కట్టి కూతురికిచ్చాడు. ఇంటి పెద్దే ఊదాలి కదా అని ఎవరూ అనలేదు. పిల్ల గలగలలాడించుకుంటూ పరిగెత్తింది.

కంపెనీ డాక్టర్లు రాశారు, దమ్ము లేదని. ఆ రోజు బస్సు దిగి ఇంటికి నడుస్తూ మామ అన్నది ఒక్కటే: "యాక్షన్ చేసే పనే పడలే బిడ్డా."

బావ బాయి దిగిన మొదటి రోజు, మళ్ళీ సెలవులకు వచ్చి నేను అక్కడే ఉన్నాను. కళ్ళు, పళ్ళు తప్ప అంతా నల్లగా వచ్చాడు. స్నానం చేసి కంచం ముందు కూర్చున్నాడు. మామ మెల్లగా లేచి, పటం వెనక నుంచి నా ప్యాకెట్ తీసి, ఒక ఎర్ర బుగ్గ ఇచ్చాడు.

"ఊదు."

"అన్నం తిననియ్యి నాయినా."

"ముందుగాల ఊదురా."

బావ ఊదాడు. మామ దాన్ని వెలుతురుకెత్తి, వేళ్ళతో నొక్కి, చాలాసేపు చూశాడు. అప్పుడు అత్త వైపు తిరిగి, "అవ్, పెట్టు" అన్నాడు. అత్త అన్నం వడ్డించింది. ఆ తర్వాత రోజూ అంతే, బాయి నుంచి రాగానే బావకు ముందు బుగ్గ, తర్వాతే అన్నం.

నేను హైదరాబాద్ వచ్చేశాక మామ అప్పుడప్పుడు ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసేవాడు. రెండు మాటలకు ఆయాసపడేవాడు. ఇంకేం కావాలన్నా నోరు తెరిచి అడిగే మనిషి కాదు. అదొక్కటే అడిగేవాడు.

"వచ్చేటప్పుడు బుగ్గలు తే బిడ్డా. ఈడియి పల్చగుంటున్నయ్, ఎవ్వడూదినా జల్దీ ఉబ్బుతున్నయ్. గట్టియి చూసి తే."