మా బావగారి లారీ సైలెన్సర్

మా బావగారు పోయారని ఆ మధ్య ఒక మధ్యాహ్నం తార్నాకలోని వాళ్లింటి నుంచి ఫోన్ వచ్చింది. బావగారంటే మా ఆయనకు అన్న. అన్నం తిని మంచం మీద ఒరిగిన మనిషి మళ్లీ లేవలేదట. దినాలు అయిపోయాయి, చుట్టాలు వెళ్లిపోయారు. వచ్చినవాళ్లంతా ఆయన మంచితనం గురించే మాట్లాడారు. అది నిజమే. కానీ నాకు ఏడుపుతో పాటు కోపం కూడా వచ్చింది, అది ఇంకా పోలేదు. దీపం పెట్టి కూర్చున్నా అదే గుర్తొస్తోంది. నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాను. నోటితో చెప్పినప్పుడు ఎవరూ వినలేదు కాబట్టి, చదివింది పదో తరగతే అయినా కలం పట్టుకున్నాను.

అన్నదమ్ములిద్దరూ కలిసి ఒక లారీ కొన్నారు. బావగారు నడిపేవారు. మా ఆయన యూనివర్సిటీలో ఎలక్ట్రీషియన్, మేం క్యాంపస్ క్వార్టర్స్‌లోనే ఉంటాం. లారీ హాస్టళ్లకు బియ్యం బస్తాలు తెచ్చేది. పొద్దున్నే ఇంజన్ స్టార్ట్ చేసి, వెనక్కి వెళ్లి పొగగొట్టం దగ్గర అరచెయ్యి పెట్టి చూడటం బావగారి అలవాటు, పసిపిల్లకు జ్వరం చూసినట్టు. ఏ ఊరి నుంచి వచ్చినా నా పూజకు బంతిపూలో చామంతులో సీటు వెనక పెట్టుకుని తెచ్చేవారు. ఇంటికి పెద్దకొడుకు కదా, అందరి సంగతీ ఆయనకే కావాలి. చెప్పిన మాట వినడం మాత్రం తెలియదు.

ఎవరో తోటి డ్రైవర్ చెప్పాడని ఒకరోజు సైలెన్సర్ తీయించేసి, వెల్డింగ్ షాపులో లావుపాటి పైపు పెట్టించుకొచ్చారు. అలా చేస్తే మైలేజీ పెరుగుతుందట.

"ముక్కు మూసి ఉరకమంటే ఎట్ల ఉరుకుతది చెప్పమ్మా? పొగ సాఫీగ పోవాలె. అప్పుడు బండి డీజిల్ తక్కువ తాగుతది" అన్నారు నాతో.

మొదటి ట్రిప్పు నుంచి రాగానే మైలేజీ బాగా పెరిగిందని మురిసిపోయారు. మా ఆయన ఊరుకోలేదు.

"అన్నా, పోయేటప్పుడు ఖాళీ, వచ్చేటప్పుడు బస్తాలున్నయ్. నువ్వు పోయేటప్పటి లెక్కనే చెప్తున్నవ్."

"రెండూ ఒకటే రా."

"ఎట్ల ఒకటే? అదే లోడు, అదే రోడ్డు, ట్యాంకు నింపి మళ్ల నింపేదాక చూస్తేనే లెక్క."

ఎప్పుడూ లారీ చూసే మెకానిక్ కూడా చెప్పాడు. "టర్బో బండికి కంపెనీ పైపే సరిపోతది పటేలా. సొట్ట పడ్డా, మసి పట్టి మూసుకపోయినా చెప్పు, బాగు చేస్త. ఉత్తగ మారిస్తే పెద్దగ ఏమొస్తది? మోత తప్ప." అతని మాటా బావగారి చెవికెక్కలేదు.

ఆ మోత గురించి ఏం చెప్పను! లారీ ఇంకా క్యాంపస్ బయట మాణికేశ్వర్ నగర్ దగ్గర ఉండగానే మా ఇంట్లో గిన్నెలు అదిరేవి. పరీక్షల రోజుల్లో లైబ్రరీ పక్క నుంచి పోయిందని పిల్లలు గొడవ చేశారు. ఆఫీసులో మా ఆయనకు చీవాట్లు పడ్డాయి. ఆ సాయంత్రం మా గేటు ముందే అన్నదమ్ములిద్దరూ పోట్లాటకు దిగారు.

"ఆ పైపు తీసేదాక నాతోని మాట్లాడకు."

"బండి నాది, నా ఇష్టం."

"సగం నాది!"

"అయితే నీ సగానికి సైలెన్సర్ పెట్టుకో, పో!"

నాకు నవ్వొచ్చింది. వాళ్లిద్దరికీ రాలేదు. ఆ రోజుతో మాటలు బంద్.

బావగారు రావడం మానలేదు. కానీ లారీ చప్పుడు దూరం నుంచే వినపడేది కదా, మా ఆయన తాగుతున్న చాయ్ అక్కడే వదిలేసి వెనక తలుపు నుంచి జారుకునేవారు.

"ఏడమ్మా వాడు?"

"బయటికి పోయిండ్రు బావా."

పొగలు పోతున్న ఆ కప్పును చూసి, పూలు నా చేతిలో పెట్టి వెళ్లేవారు. ఇలా దాదాపు ఏడాది గడిచింది. ఎన్ని మొక్కులు మొక్కానో నాకు తెలుసు, ఆ నరసింహస్వామికి తెలుసు.

ఒకసారి మా తోటికోడలినీ నన్నూ ఆ స్వామి గుట్టకు లారీలోనే తీసుకెళ్లారు. ఇంజన్ మోత పెరిగినకొద్దీ బావగారికి హుషారు వచ్చేది, ఆయన కాలు యాక్సిలరేటర్‌ను ఇంకా నొక్కేది. గేరు మార్చేముందు కావాలని ఒకసారి ఇంజన్‌ను గట్టిగా మోగించేవారు. ఇక డీజిల్ ఎక్కడ మిగులుతుంది?

"బావా, ఆ చప్పుడుకు మీరు ఎక్కువ తొక్కుతున్నరు" అన్నాను.

"ఏందీ?"

మళ్లీ చెప్పాను.

"మొక్కుకున్నవా? మంచిది, మంచిది!" అన్నారు.

నా గొంతు అంతే. నాకే విసుగొచ్చి కిటికీ వైపు తిరిగాను.

చివరికి బండికి ఫిట్‌నెస్ పరీక్ష చేయించాల్సి వచ్చింది. సైలెన్సర్ లేకపోతే పాస్ చేయరని పాతది మళ్లీ బిగించారు. అది బిగించి ఉండగానే ఒక ట్రిప్పు వెళ్లొచ్చి, నేరుగా మా ఇంటికి వచ్చారు. ఏ చప్పుడూ లేదు. మా ఆయన ముందు గదిలో చాయ్ తాగుతూ దొరికిపోయారు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"లెక్క చూసిన" అన్నారు బావగారు గుమ్మంలోనే నిలబడి. "అదే లోడు, అదే రోడ్డు. మైలేజీ పెరిగింది."

"సైలెన్సర్ పెట్టినంక?"

"సైలెన్సర్‌ది ఏం లేదు రా. ఈసారి డీజిల్ మంచిగ దొరికింది."

"నీ తలకాయ దొరికింది. కూసో, చాయ్ తాగు."

కూర్చున్నారు. మళ్లీ పోట్లాట మొదలైంది, డీజిలా సైలెన్సరా అని. నేను వంటింట్లో నిలబడి కళ్లు తుడుచుకున్నాను. తప్పు ఒప్పుకున్నారా అంటే, లేదు. కానీ ఆ పైపు మళ్లీ బిగించలేదు. ఆ తర్వాత నాలుగైదు సాయంత్రాలు వచ్చి ఉంటారేమో. అంతే, పోయారు.

ఇదే నా కోపం. ఏడాది ముందే గుమ్మంలోకి వచ్చి 'లెక్క చూసిన' అని ఉంటే బావగారికి ఏం పోయేది? ఈయనైనా వెనక తలుపు వైపు పోకుండా కూర్చుని ఉంటే ఏం పోయేది? దేవుడి ముందు ఇలా అనకూడదు గానీ, ఇద్దరికీ చెరొక దెబ్బ వేయాలనిపిస్తుంది.

లారీని ఇప్పుడు జీతానికి పెట్టుకున్న డ్రైవర్ నడుపుతున్నాడు. సైలెన్సర్ అలాగే ఉంది, బండి ఎప్పుడు వచ్చేదీ ఇంట్లోకి తెలియదు. అందుకని సాయంత్రం కాగానే మా ఆయన వెళ్లి మలుపు దగ్గర రోడ్డు పక్కన నిలబడుతున్నారు. వచ్చే ప్రతి లారీ వైపూ మెడ చాచి చూస్తున్నారు. మా లారీ వచ్చి ఆగాక కూడా చాలాసేపు అక్కడే ఉంటున్నారు.

ఈ కాగితాలు దేవుడి గూట్లో పెడుతున్నాను. ఎవరి చేతికైనా దొరికితే, చదివి మళ్లీ అక్కడే పెట్టండి. పారేయవద్దు. మా ఆయనకు మాత్రం చూపించకండి.