వాసన లేని బట్టలు

మేముండే బాతెల్ ఊళ్ళో మా పక్కింటావిడ ఎలుగుబంటి వేటకి వెళ్తుంది. రిటైరైన సైన్స్ టీచరు. డెబ్బై దాటాయి, నా భుజం దాకా వస్తుంది. ఏటా వసంతంలో భర్తతో కలిసి ఐడహో కొండలకి వెళ్ళేది. తుపాకీ ఆవిడది, వేట మాంసం మోసే పని ఆయనది. ఆయన పోయాక మానేసింది. ఈ ఏడు మళ్ళీ వెళ్తానంటే కూతురు ఫోన్‌లో తెగేసి చెప్పిందట, తోడు లేకుండా కదిలితే వచ్చి తుపాకీలు పట్టుకుపోతానని. ఈ సంగతి ఆవిడ కంచె దగ్గర నిలబడి, చెత్తబండి ఎప్పుడొస్తుందని అడిగినంత మామూలుగా చెప్పింది. నన్ను రమ్మని అడగలేదు. అడగకుండా అలాగే నిలబడింది. చివరికి నాకే ఉండబట్టలేక, "నేనొస్తాలెండి" అన్నాను.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. ఇతరులు చేసిన పనిలో తప్పులు వెతకడం నా ఉద్యోగం. బరువులు మోసిన అనుభవమంటే ఇండియన్ స్టోర్ గుమ్మం నుంచి కారు దాకా.

ఆవిడ నన్ను వీపు సంచిలో బరువేసుకుని రోజూ నడవమంది. మా ఇంట్లో బరువంటే బియ్యం బస్తానే. దాన్ని సంచిలో పెట్టుకుని మా కాలనీ మెట్ట ఎక్కడం మొదలుపెట్టాను. ఇక్కడ మనవాళ్ళు ఎక్కువ. మొదటి రోజే ఒకావిడ కారాపి అద్దం దించింది.

"కార్ సర్వీస్‌కి ఇచ్చారా? రైస్ బ్యాగ్ మోసుకెళ్తున్నారేంటి? ఎక్కండి, డ్రాప్ చేస్తా."

ఎలుగుబంటి వేటకి ప్రాక్టీస్ చేస్తున్నానని చెప్పాను. ఆవిడ గొంతు తగ్గించి, "ఇంట్లో అంతా ఓకేనా అండీ?" అంది.

సాయంత్రాలు పక్కింట్లో పాఠాలు. బల్ల మీద ఎలుగుబంట్ల ఫొటోలు పరిచి, తల్లి ఏదో, మగది ఏదో చెప్పమనేది. పిల్లలున్న తల్లిని కాల్చకూడదు. పిల్లలు చెట్టెక్కి ఉండొచ్చు, పొదలో ఉండొచ్చు, అందుకని కనబడగానే తుపాకీ ఎత్తకుండా చాలాసేపు చూడాలి. చిన్న సీసా నొక్కితే పొడి ఎగిరి గాలి ఎటు వీస్తోందో చెప్తుంది. అన్నిటికంటే పెద్ద పాఠం వాసన. మన వాసన దానికి తగిలిందా, కొండ దిగి ఇంటికి రావడమేనట.

వేట బట్టలు వాసన లేని సబ్బుతో ఉతికి, మూత బిగించిన పెట్టెలో ఉంచాలి. ప్రయాణానికి ముందు వారం ఉల్లి, వెల్లుల్లి, ఇంగువ బంద్. తలకి నూనె లేదు. కార్తీకమాసంలో కూడా నేనింత నిష్ఠగా లేను. పెట్టె ఇంట్లో పెడదామంటే దేవుడి దగ్గర అగరొత్తులు, వంటింట్లో పోపు. గరాజ్‌లో పెట్టాను.

మా గరాజ్‌లో కార్లుండవు. ఇల్లంతా వాసన పట్టకుండా రెండో స్టవ్ అక్కడ పెట్టుకున్నాం. మా వీధిలో మనవాళ్ళ గరాజ్‌లు చాలావరకు ఇంతే, చేపలూ వేపుళ్ళూ అన్నీ అక్కడే. ఈ వారం అక్కడ వంట లేదని మా ఆయనకి చెప్పాను. సరేనన్నాడు. చెవుల్లోంచి హెడ్‌ఫోన్స్ మాత్రం తీయలేదు.

తెల్లారితే ప్రయాణమనగా సాయంత్రం ఆఫీస్ నుంచి వచ్చి గరాజ్ తలుపు తీశాను. నా వేట బట్టలు తాడు మీద వరసగా వేలాడుతున్నాయి. వాటి కింద ఆయన ఎండు నెత్తళ్ళు వేయిస్తున్నాడు.

"పెట్టెలకెళ్ళి బట్టలెవరు తీసిన్రు?" అన్నాను. కోపమొస్తే నాకు వరంగల్ వస్తుంది.

"చెమ్మగా ఉన్నాయే. ముక్కిపోతాయని ఆరేశాను," అన్నాడు కాకినాడ నింపాదితో. "వారం నుంచి చప్పిడి తింటున్నావు కదా. దారిలో తింటావని ఇవి చేస్తున్నా."

అది విన్నాక కోపం రెట్టింపైంది. తిట్టడానికి కూడా వీల్లేకుండా చేశాడు.

కోటు పట్టుకుని పక్కింటికి వెళ్ళాను. ఆవిడ కాలర్ ముక్కు దగ్గర పెట్టుకుంది.

"చేపా?"

"ఎండుచేప. వేపుడు. ఎలుగు పారిపోతుందా?"

"పారిపోదు. నీ కోసమే వస్తుంది," అంది. "అది ఇంకా చెడ్డది."

ఎండుచేప వాసన ఒక ఉతుకుకి పోయేది కాదు. కొత్తవి కొంటే కొట్టు వాసన. ఆవిడ బట్టలు నాకు మోచేతుల దాకా వస్తాయి. నేను వెళ్ళకపోతే ఆవిడా వెళ్ళదు, కూతురికి మాటిచ్చింది. ఆవిడ కాసేపు కుర్చీలో కూర్చుని, లేచి పైకెళ్ళింది. దిగివచ్చినప్పుడు చేతిలో మందపాటి ప్లాస్టిక్ సంచీ ఉంది, గాలంతా తీసేసి మూతి బిగించినది.

"ఆయనవి. ఆ ఏడు వెళ్దామని ఉతికి సర్దుకున్నాడు. పోయాక నేను తెరవలేదు. తెరిస్తే లోపలున్న ఆయన వాసన పోతుందని."

వద్దండీ, వచ్చే ఏడు వెళ్దాం అన్నాను. వచ్చే ఏటికి తన మోకాళ్ళు ఉండవంది.

సంచీ తెరిచి, మడత విప్పకుండానే కోటులో మొహం పెట్టింది. చాలాసేపు తీయలేదు. నేను గోడకేసి చూస్తూ నిలబడ్డాను.

"ఏమీ లేదు," అంది చివరికి. "అసలేమీ లేదు. అంత బాగా ఉతుక్కునేవాడు."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడకి రాలేదు. కోటు నాకు తొడిగి, చేతులు ఒక మడత పెట్టి, జిప్ మెడ దాకా లాగి, "సరిపోయింది. తెల్లారకముందే బయల్దేరాలి," అంది.

వెళ్ళాం. రోజంతా కొండవాలు మీద కదలకుండా కూర్చునేవాళ్ళం. ఒకసారి మంచి ఎలుగు కనబడింది. చాలాసేపు చూశాక దాని వెనక పిల్ల బయటికొచ్చింది. ఆవిడ తుపాకీ ఎత్తనేలేదు. మోయడానికేమీ దొరకలేదు. బియ్యం బస్తాతో పడ్డ పాట్లకి నడుం నొప్పి మిగిలింది. తిరిగొస్తూ, కార్‌లోనే మూత బిగించి ఉంచిన నెత్తళ్ళ డబ్బా తీశాను. సగానికి పైగా ఆవిడే తింది.

ఇంటి ముందు కోటు విప్పి, ఉతికి తెచ్చిస్తానన్నాను.

"ఉతకొద్దు," అంది.

కాలర్ ముక్కు దగ్గర పెట్టుకుంది. నా చెమట, ఆఖరి రాత్రి చలిమంట పొగ, మా ఆయన వేపుడు. కోటు మడిచి ఆ పాత సంచీలోనే పెట్టింది. ఛాతీకి అదుముకుని గాలంతా బయటికి పంపి, మూతి బిగించి, లోపలికి తీసుకెళ్ళింది.