స్క్రిప్టులోనే ట్యాగులు రాశాం

తెలంగాణ ఉద్యమం చివరి రోజుల్లో నేను యూనివర్సిటీ క్యాంపస్‌లో ఎంసీఏ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. బంద్ పిలుపు వస్తే ఏ గేటు తెరిచి ఉందో, తార్నాక వైపు బస్సులు తిరుగుతున్నాయో లేదో ఎవరికీ తెలిసేది కాదు. అది చెప్పే వెబ్ పేజీయే మా ప్రాజెక్టు. నా జోడీ వారాసిగూడ అబ్బాయి, ఉద్యమంలో ముందుండేవాడు. మాది కోస్తా నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడ్డ క్రైస్తవ కుటుంబం. నాన్న మందిరంలో సండే స్కూల్ నడిపేవారు కాబట్టి వాడు నన్ను పాస్టరమ్మా అని పిలిచేవాడు.

మొదట అందరిలాగే పేజీ రూపం చెప్పే ట్యాగులు ఒక ఫైల్లో, దాన్ని నడిపే స్క్రిప్టు ఇంకో ఫైల్లో రాశాం. గేటు మూస్తే పేజీ పైన మూసినట్టు, కింద పటంలో తెరిచినట్టు చూపించేది. పటాన్ని నమ్మి మా క్లాసు అమ్మాయి ఒకతె మూసిన గేటు దాకా ఎండలో నడిచి వెనక్కి వచ్చింది. అప్పుడే కొత్తగా వచ్చిన పద్ధతి ఒకటి చదివాను. స్క్రిప్టు మధ్యలోనే ట్యాగులు రాసుకోవచ్చు. గేటు సంగతి ఒక్కచోట మారిస్తే, దాన్ని చూపే ప్రతిచోటా పేజీయే మార్చుకుంటుంది.

ట్యాగులూ స్క్రిప్టూ కలపకూడదని ఏళ్ళ తరబడి పాఠం చెప్పిన మా గైడు సారుకి ఇది నచ్చలేదు. "డెమోల గేటు సంగతి మారితే పేజీల అన్నిచోట్లా మారాలె. లేకుంటే పాత పద్ధతిలనే మళ్ల రాయండి" అన్నారు. మళ్ళీ రాస్తే సెమిస్టరు పోతుంది, దాంతోపాటు నాకొచ్చిన ఉద్యోగం కూడా.

డెమో ముందు రోజు పేజీ తెల్లగా నిలిచిపోయింది. ఫైలు చివర ఎక్కడో తప్పున్నట్టు కంప్యూటరు చూపించేది, అక్కడేమో అంతా సరిగ్గానే ఉంది. మధ్యాహ్నమంతా వెతికాం. మామూలు పేజీలో బొమ్మ ట్యాగు మూయకపోయినా బ్రౌజరు సర్దుకుపోతుంది. ఇక్కడ ప్రతి ట్యాగూ మూయాల్సిందే. బొమ్మ ట్యాగు చివర దాన్ని మూసే ఏటవాలు గీత నేను పెట్టలేదు.

"గంటసేపు ప్రార్థన జేస్తవ్, ఆమెన్ మర్చిపోతవా పాస్టరమ్మా" అన్నాడు వాడు.

నిజమే. ప్రార్థించేవారు ఆమెన్ అనకపోతే సంఘమంతా కళ్ళు మూసుకుని అలాగే నిలబడిపోతుంది. గీత పెట్టాను. పేజీ వచ్చింది.

మర్నాడు ల్యాబులో సారు ముందు కూర్చుని మనసులో దేవుణ్ణి వేడుకుంటుండగా మావాడి ఫోను మోగింది. ఊరేగింపు బయల్దేరిందట, తార్నాక వైపు గేటు మూసేశారట. సారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. నేను ఫైల్లో ఒక్క మాట మార్చాను. పైన గేటు పేరు, పటంలో గుర్తు, బస్సుల వరుసలో తార్నాక దారి, అన్నీ ఒక్కసారిగా ఎర్రబడ్డాయి.

సారు స్కూటరు తాళం చేతిలోకి తీసుకున్నారు. "అయితే నేను ఇంటికి ఎటుకెల్లి పోవాలె?"

నల్లకుంట వైపు గేటు పచ్చగా ఉందని చూపించాను. ఆయన మా ప్రాజెక్టు మీద సంతకం పెట్టి ఆ దారినే వెళ్ళారు. మావాడు నినాదాల వైపు పరుగెత్తాడు. నేను ఆ ఖాళీ ల్యాబులో నిలబడి, బిగ్గరగా, నా దేవుడికి స్తోత్రం చెప్పాను.