చింతపండుతో తోమిన కత్తి

ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో మా మేనకోడలు లలిత ఇంట్లో ఉండగా, పక్కింటి పెద్దావిడ మార్గరెట్ నాకు చూపించమని ఒక పాత జపాను కత్తి లలితకు ఇచ్చి వెళ్ళింది. ఆమె తండ్రి రెండో ప్రపంచ యుద్ధం నుంచి తెచ్చినది. పిడి ఊడిపోయింది. దాన్ని చేసినవాళ్ళ ఊరికి తిరిగి పంపాలని ఆమె కోరిక.

మర్నాడు మార్గరెట్‌తో కలిసి దాన్ని పరీక్షించడానికి వచ్చిన పాత కత్తుల నిపుణుడు పిడి ఉండాల్సిన చోటు చూసి, “ఇక్కడి తుప్పేది?” అన్నాడు.

“పూజ సామాన్లలా చింతపండు, స్టీలు పీచుతో తోమేశాగా మామయ్యా! షైనింగ్ నువ్వూ చూశావుగా?” అంది లలిత నాతో. నిన్న భేష్ అన్నది నేనే.

ఆ తుప్పును బట్టే కత్తి వయసు చెబుతారట. అక్కడే సన్నగా చెక్కిన పనివాడి పేరూ, ఊరూ తోముడికి చెరిగిపోయాయి.

మా ఇద్దరికీ తల ఎత్తబుద్ధి కాలేదు. “నో వరీస్, లవ్,” అంటూ, ఏం పర్లేదమ్మా అన్నట్టు మార్గరెట్ లలిత చెయ్యి నిమిరింది. తర్వాత నిపుణుణ్ణి మెల్లగా అడిగింది: “మరి దీన్నిప్పుడు ఏ ఊరికి పంపాలి?”